వందలో పదిమందికే ఎందుకు?

మామూలుగా ఒక్క శ్వాసకి లోపలికి పోయేది అర లీటరు గాలి. నిమిషానికి పన్నెండు నుంచి పదిహేను శ్వాసలు, రోజుకి 1,440 నిమిషాలు. గుణిస్తే 8,600 నుంచి 10,800 లీటర్లు. జి. కొండూరు సెంటర్లో పొద్దున్నే కొట్టు తీసి రాత్రికి మూసే మనిషి ఆ గాలితోపాటు ఇంకేమేం పీలుస్తాడో చూడండి. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు లేపే దుమ్ము. పరిటాల, దొనబండ వైపు క్వారీల రాతిపొడి. గాలి ఇటు తిరిగితే పక్క మండలంలోని థర్మల్ కేంద్రం బూడిద. సంక్రాంతికి అటూ ఇటూ మామిడి పూత మీద కొట్టే మందులు. ఇంటికెళితే పొయ్యి పొగ. వీటన్నిటితో కలిసి కంటికి కనపడని బాక్టీరియా, వైరస్‌లు, బూజు రేణువులు.

ఊళ్లో అందరూ పీల్చేది ఇదే గాలి. జబ్బు మాత్రం అందరికీ రాదు. ఒకే వసారాలో పక్కపక్కన మంచాలు వేసుకుని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకడికి క్షయ వస్తుంది, రెండోవాడు మనవల పెళ్లిళ్లు కూడా చూస్తాడు.

క్షయ లెక్క తెలిసినదే కాబట్టి దానితోనే మొదలుపెడదాం. క్షయ బాక్టీరియా ఒంట్లోకి చేరిన వందమందిని తీసుకుంటే, బతుకంతా లెక్కేసినా అందులో జబ్బుపడేది ఐదు నుంచి పదిమంది. మిగిలిన తొంభైమందికి పైగా ఆ క్రిమిని ఎక్కడో ఒక మూల కట్టడి చేసుకుని మామూలుగా తిరుగుతుంటారు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతుకి ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. అందరూ జబ్బుపడితే ఆస్పత్రులు కాదు, ఊళ్లే చాలవు. అంటే క్రిమి ఉండటం ఒక సంగతి, జబ్బు రావడం ఇంకో సంగతి. ఈ రెంటి మధ్య ఉన్నది మన ఒంటి కాపలా.

తోట కౌలుకి తీసుకున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాపలావాడు నిద్రపోతే కాయ దొంగలపాలవుతుంది. వాడు మరీ ఆవేశపరుడైతే దొంగ మీదకి విసిరిన కర్రకి కొమ్మ విరిగి, పక్వానికి రాని రసాలన్నీ నేలరాలతాయి. రెండు తోటల్లోనూ నష్టమే. నింద మాత్రం రెండుచోట్లా దొంగ మీదకే పోతుంది. ఊపిరితిత్తుల జబ్బుల్లో మనం సూక్ష్మజీవి మీదకి నెట్టేసేవి చాలామటుకు ఆ రెండో తోట కథలే.

గాలి వెళ్లే దారి

ముక్కు దాటాక గాలిగొట్టం చీలుతూ చీలుతూ, దాదాపు 23 చీలికల తర్వాత గాలి తిత్తుల దగ్గర ఆగుతుంది. పది మైక్రాన్ల కన్నా లావు రేణువులు చాలావరకు ముక్కులోనో గొంతులోనో చిక్కుకుంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పూత కాలంలో ఆయాసం వస్తే మన వైపు నింద మామిడి పూత మీదకి పోతుంది గానీ, ఆ పుప్పొడి ఇరవై మైక్రాన్లకు పైమాటే, పైగా ఈగలు మోసుకెళ్లే జిగురు సరుకు. గాలిలో ఎగిరి ఊపిరితిత్తుల లోతుకి పోవడం దానికి కష్టం. అదే రోజుల్లో ఉండే చలినీ, మంచునీ, పొగనీ, మందు పిచికారీనీ ముందు అనుమానించడం న్యాయం.

లోతుకి పోయేవి ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల సరుకు. క్షయ రోగి దగ్గినప్పుడు గాలిలో ఆరిపోయి తేలే తుంపర గింజల సైజు సరిగ్గా అదే. వాటిని ఆపడానికి గాలిగొట్టాల గోడల మీద సన్నటి నూగు ఉంటుంది. ఒక్కో కణం మీద 200 దాకా, సెకనుకి పది నుంచి ఇరవై సార్లు ఊగుతూ, మీద పేరుకున్న జిగురుని నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపుకి నెడుతూ ఉంటుంది. ఆ జిగురుని మనకి తెలియకుండానే మింగేస్తాం. మిగతా పని పొట్టలోని ఆమ్లం చూసుకుంటుంది.

గాలి తిత్తుల దగ్గర నూగు లేదు. అక్కడ రక్తానికీ గాలికీ మధ్య గోడ మైక్రాను కన్నా పలచన; జిగురూ నూగూ పెడితే ఆక్సిజన్ దాటదు. మనిషికి సగటున 48 కోట్ల తిత్తులు ఉంటాయి. విప్పి పరిస్తే 70 నుంచి 100 చదరపు మీటర్లని అంచనా, మన గజాల్లో 84 నుంచి 120. ఇంత జాగానీ కనిపెట్టుకుని తిరిగేవి భక్షక కణాలు. వచ్చిన దుమ్మునీ క్రిమినీ మింగి అరిగించుకోవడం వాటి పని. అరిగించుకోగలిగితే సరే. అరగనిది మింగితేనే గొడవంతా, ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్లో క్రిములే ఉండవని మొన్నమొన్నటి దాకా వైద్య పాఠాల్లో ఉండేది. 2007లో మనిషి ఒంటి మీది సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టడానికి అమెరికాలో పెద్ద పథకం మొదలైతే, అందులో నోరు, పేగు, చర్మం ఉన్నాయి, ఊపిరితిత్తులు లేవు. 2010లో బ్రిటిష్ పరిశోధకులు శ్వాసనాళాల లోపలి గోడని తుడిచి జన్యువుల ద్వారా లెక్కేశారు. చదరపు సెంటీమీటరుకి సగటున 2,000 బాక్టీరియా జీనోమ్‌లు తేలాయి. పేగుతో పోలిస్తే ఏపాటిది కాదు. అయినా సున్నా కాదు. నిద్రలో నోటి లాలాజలం చుక్కలుగా లోపలికి జారుతూ ఉంటుంది కాబట్టి, ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో కనపడేవి ఎక్కువగా నోటి క్రిములే. వస్తుంటాయి, నూగు ఊడ్చేస్తుంటుంది, మళ్లీ వస్తుంటాయి. ఉబ్బసం, సీవోపీడీ (ఊపిరి క్రమంగా తరిగిపోయే జబ్బు) ఉన్నవాళ్లలో ఈ వరస మారి, హీమోఫిలస్ వంటివి తిష్ఠవేయడం ఎక్కువగా కనపడింది. అవి వచ్చి జబ్బు తెచ్చాయా, జబ్బు వల్ల ఊడ్చేవాళ్లు లేక అవి చేరాయా అన్నది ప్రతి రోగి విషయంలోనూ తేలే ప్రశ్న కాదు. చాలాసార్లు రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

క్షయ: తిండి లెక్క

2023లో ప్రపంచంలో 1.08 కోట్లమంది కొత్తగా క్షయ బారిన పడ్డారనీ, 12.5 లక్షలమంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వందలో 26 కేసులు మన దేశానివే. ఏడాదికి లక్ష జనాభాలో 2015లో 237 మందికి వస్తుంటే, 2023లో 195 మందికి వచ్చింది.

క్షయ క్రిమి తొందరపడదు. పేగులో ఉండే ఈ.కొలై ఇరవై నిమిషాలకి ఒకటి రెండైతే, ఇది ఒకటి రెండవడానికి పదిహేను నుంచి ఇరవై గంటలు పడుతుంది. భక్షక కణం దీన్ని మింగుతుంది, ఇది దాని కడుపులోనే కాపరం పెడుతుంది. రెండు నుంచి ఎనిమిది వారాల్లో టి-కణాలనే తెల్లకణాలు వచ్చి చేరి, చుట్టూ కోట కట్టినట్టు గడ్డ కడతాయి. తొంభైమందికి కథ ఇక్కడితో సరి. ఆ గడ్డ సడలితే మాత్రం క్రిమి బయటపడుతుంది. హెచ్ఐవీ ఉంటే ఈ ముప్పు దాదాపు 16 రెట్లు. చక్కెర జబ్బు, పొగతాగడం, కీళ్లవాతానికి ఇచ్చే కొన్ని కొత్త ఇంజెక్షన్లు కూడా ఆ గడ్డని సడలిస్తాయి. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువమందిని తాకేది మాత్రం తిండి తక్కువవడం. ఎత్తుకి తగ్గ బరువుని చెప్పే బీఎంఐ ఒక్క పాయింటు పెరిగితే క్షయ ముప్పు సుమారు 14 శాతం తగ్గుతుందని చాలా దేశాల లెక్కలు కలిపి చూసి తేల్చారు.

దీన్ని కాగితం మీద వదిలేయకుండా వంటింట్లో పరీక్షించింది జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం. 2019లో మొదలైంది. 2,800 మంది క్షయ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. ఇంట్లోవాళ్లకి మాత్రం సగం చోట్లే ఇచ్చారు. ఒక్కొక్కరికి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, పైన విటమిన్ మాత్రలు. రోజుకి 750 కేలరీలు, 23 గ్రాముల ప్రొటీన్. అంతకుమించి మందేమీ లేదు. 2023లో లాన్సెట్ వైద్యపత్రికలో ఫలితం వచ్చింది: తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది, దగ్గు ద్వారా అంటించే ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగినవాళ్లకి చనిపోయే ముప్పు 61 శాతం తక్కువ.

ఒక టీకా ఇంత పని చేస్తే పండగ చేసేవాళ్లం. నిజానికి పెద్దవాళ్ల విషయంలో టీకా ఇంత చేయలేదు కూడా. మన పొరుగున చెంగల్పట్టులో 1968లో లక్షలమందితో మొదలుపెట్టిన బీసీజీ పరీక్షలో, 1979 నాటికి పెద్దల ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ దాదాపు శూన్యమని తేలింది. ఈ ప్రాంతపు మట్టిలో, నీళ్లలో ఉండే క్షయ బంధువులైన నిరపాయ బాక్టీరియా చిన్ననాడే మన ఒంటికి ఎంతో కొంత తర్ఫీదు ఇచ్చేసి ఉంటాయనీ, టీకాకి ఇక కొత్తగా నేర్పడానికి మిగిలింది తక్కువనీ ఒక వివరణ. పసిపిల్లల్లో మెదడుకి పాకే క్షయని బీసీజీ ఆపుతుంది, దాన్ని మానకూడదు.

నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2018లో నెలకి 500 రూపాయలు. 2024 నవంబరు నుంచి 1,000. చికిత్స ఆరు నెలలు: రెండు నెలలు నాలుగు మందులు, నాలుగు నెలలు మూడు మందులు. రోగితో ఒకే పళ్లెం పంచుకునే ఇంటివాళ్ల తిండి సంగతి మాత్రం ఇంకా బడ్జెట్లలో వెనక వరసలోనే ఉంది.

క్షయలో ఇంకో మెలిక ఉంది. ఎక్స్‌రేలో కనపడే గుహలు, అంటే ఊపిరితిత్తి కరిగి ఏర్పడే ఖాళీలు, క్రిమి తినేసినవి కావు. దాని మీద యుద్ధంలో మన కణాలు వదిలే రసాయనాలే ఆ కండని కరిగిస్తాయి. హెచ్ఐవీ ముదిరి రక్షణ పడిపోయినవాళ్లలో ఇలాంటి గుహలు తక్కువగా ఉండటమే దీనికి సాక్ష్యం. గుహ పడితే క్రిమికి పండగే: గాలి ఆడుతుంది, కోట్లలో పెరుగుతుంది, దగ్గుతో బయటికి దారి దొరుకుతుంది. మన ఒంటి దెబ్బనే అది తన ప్రయాణానికి బండిగా వాడుకుంటుంది.

మదనపల్లెలో పట్టుబడిన జబ్బు

ఈస్నోఫీలియా మాట తెలియని తెలుగు ఇల్లు అరుదు. తుమ్మినా, దగ్గినా, దద్దుర్లు వచ్చినా ఊళ్లో ఆర్ఎంపీ నోటి నుంచి మొదట వచ్చేది అదే. రక్తంలో ఎసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు పెరగడమని దానర్థం. జబ్బు పేరు కాదు, ఒక గుర్తు. కానీ ఈ గుర్తుతో వచ్చే ఒక అసలైన ఊపిరితిత్తుల జబ్బు ఉంది. దాన్ని పట్టుకున్నది మన నేల మీదే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీలు క్షయ శానటోరియం తెరిచారు. దాని పెద్ద డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్. దక్షిణాది నలుమూలల నుంచీ క్షయ అనే అనుమానంతో జనాన్ని అక్కడికి పంపేవాళ్లు. అలా వచ్చినవాళ్లలో కొందరి లెక్క కుదరలేదు. రాత్రిపూట పొడిదగ్గు, పిల్లికూతలు, సన్నజ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు. చూడబోతే క్షయే. కానీ కళ్లెలో క్షయ క్రిమి దొరకదు, రక్తంలో ఎసినోఫిల్స్ మాత్రం ఆకాశానికి అంటుతాయి. 1940లో ఫ్రిమోడ్ మోలర్, ఆర్.ఎం. బార్టన్ ఇద్దరూ ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీన్ని క్షయని పోలిన వేరే జబ్బుగా రాశారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్‌లో 81 మంది రోగుల గురించి రాసి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాక లోకానికి తెలిసింది. అప్పటికి తెలిసిన చికిత్స ఆర్సెనిక్ ఇంజెక్షన్లు.

ఎసినోఫిల్స్ మామూలుగా క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో 500 లోపు ఉంటాయి. ఈ జబ్బులో 3,000 దాటతాయి, కొందరిలో పదుల వేలు. ఎందుకంత సైన్యం? దోషి బోదకాలు పురుగు. దోమ కుట్టి లోపలికి దింపిన ఆ పురుగు పెద్దదై, రాత్రిళ్లు తన పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో తరతరాలుగా ఉన్న బాధ. విచిత్రమేమంటే, ఆ పురుగు ఉన్న నూరుమందిలో ఊపిరితిత్తుల జబ్బు వచ్చేది ఒక్కరి కన్నా తక్కువే. మిగతావాళ్ల ఒళ్లు పురుగుతో ఒక రాజీకి వస్తుంది. రక్తం చుక్కలో పిల్లపురుగులు ఈదుతూ కనపడినా రొమ్ము శుభ్రంగా ఉంటుంది. ఆ ఒక్కడి ఒళ్లు రాజీపడదు. ప్రతిదేహాలు పిల్లపురుగుల్ని చుట్టేస్తాయి, అవి ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఎసినోఫిల్స్ మీదపడి తమ విషపు రేణువుల్ని గుమ్మరిస్తాయి. పురుగు చస్తుంది. చుట్టూ ఉన్న కండ కూడా కాలుతుంది. దగ్గు రాత్రే ఎక్కువవడానికి కారణమూ ఇదే, పిల్లపురుగులు వచ్చే వేళ అది.

కాబట్టి ఈ రోగి రక్తం ఎంత వెతికినా పిల్లపురుగు దొరకదు. పురుగు దొరికినవాడు క్షేమం, దొరకనివాడు రోగి. ఈ తిరకాసు వల్లే కారణం తేలడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1960లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు రోగుల ఊపిరితిత్తి ముక్కల్లోనే చచ్చిన పిల్లపురుగుల్ని చూపించారు.

మందు అంతకుముందే వచ్చేసింది. అది తెచ్చినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం 1947లో బోదకాలు పురుగు మీద డైఇథైల్ కార్బమజీన్‌ని బయటపెట్టింది. కిలో బరువుకి ఆరు మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు వేస్తే, ఏళ్ల తరబడి నిద్రపట్టనివ్వని దగ్గు రోజుల్లోనే దిగివస్తుంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి తమ ఎదురుగా మింగించే బోదకాలు మాత్రల్లో ఉన్నది ఈ మందే. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో చనిపోయారు. రాయలసీమలో గుర్తించిన జబ్బుకి గోదావరి జిల్లావాడి మందు ఎంత బాగా సరిపోయిందో ఆయన చూడలేదు.

ఇందులో ఇంకో క్రిమి కూడా ఉందని చాలా తర్వాత తెలిసింది. బోదకాలు పురుగు కడుపులోనే వోల్బాకియా అనే బాక్టీరియా కాపరముంటుంది. పురుగు చచ్చినప్పుడు అది బయటపడి మంటని ఇంకా ఎగదోస్తుంది. దాన్ని చంపే డాక్సీసైక్లిన్‌ని నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తే పెద్ద పురుగు గొడ్డుపోతుంది. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. 1948లో లెడర్లీ నుంచే వచ్చింది, సుబ్బారావు పరిశోధనా విభాగానికి పెద్దగా ఉన్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ చేతి మీదుగా.

ఇప్పుడు బోదకాలు తగ్గింది, ఈ జబ్బూ తగ్గింది. మాట మాత్రం మిగిలిపోయి, ప్రతి దగ్గుకీ అంటుకుంటోంది.

కూలర్ గడ్డి

శివరాత్రి దాటగానే అటక మీది కూలర్ దిగుతుంది. పక్కల తడకల్లో ఉన్న గడ్డి పోయిన వేసవి ఉప్పునీళ్లకి గోధుమరంగుకి తిరిగి, కింది అంచున నల్లటి చుక్కలు తేలి ఉంటుంది. తొట్టి అడుగున వేలితో రాస్తే పచ్చటి జిగురు. పైన రెండు బిందెల నీళ్లు పోసి, స్విచ్ వేసి, మొదటి గాలికి ముక్కు చిట్లించుకుని, కాసేపటికి ఆ వాసనకి అలవాటుపడతాం. తెల్లవార్లూ ముఖం మీదకి అదే గాలి. ఆస్పర్జిల్లస్ వంటి బూజు రేణువులు రెండు మూడు మైక్రాన్లే, ముక్కు వాటిని ఆపలేదు.

2017లో దేశంలోని 19 నగరాల్లో 27 ఆస్పత్రులు కలిసి, ఊపిరితిత్తుల గోడలు గట్టిపడే జబ్బులున్న 1,084 మంది వివరాలు బయటపెట్టాయి. పాశ్చాత్య దేశాల్లో ఈ జాబితాలో పైన ఉండేది కారణం తెలియని ఫైబ్రోసిస్. ఇక్కడ దాని వాటా 13.7 శాతమే. 47.3 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన బూజుకో, పావురాల రెట్ట ధూళికో ఒళ్లు అతిగా స్పందించి వచ్చే జబ్బు. అలాంటివాళ్లలో 48.1 శాతం కూలర్ గాలిలో పడుకునేవాళ్లు.

ఇక్కడ బూజు ఊపిరితిత్తిలో మొలకెత్తదు, పెరగదు. యాంటీబయాటిక్‌తోనో బూజు మందుతోనో పోయేదేమీ లేదు. తెల్లారేసరికి చలిజ్వరం, పొడిదగ్గు, ఎదలో బిగింపు. వారం రోజులు చుట్టాలింటికి వెళితే తగ్గిపోతుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదలు. టైఫాయిడ్ అనుకుని సెలైన్లు ఎక్కించుకునేవాళ్లకి లోటు లేదు. నెలలు గడిస్తే మచ్చ మిగులుతుంది, అది మందులకి కరగదు. 2024 సెప్టెంబరులో కవులూరు దగ్గర బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడి ఊళ్లు మునిగినప్పుడు గోడలకి పట్టిన తేమ కూడా ఇలాంటి బూజుకి నిలయమే. సున్నం పూతతో నలుపు కనపడకుండా పోతుంది గానీ తడి పోదు.

ఒకే గదిలో అదే కూలర్ ముందు పడుకున్న నలుగురిలో ఒక్కరికే ఎందుకు వస్తుందంటే, మళ్లీ ఆ ఒంటి స్వభావమే. పొగతాగేవాళ్లలో ఈ జబ్బు తక్కువని చాలా పరిశీలనల్లో కనపడింది, పొగ వాళ్ల రక్షణ కణాల్ని మొద్దుబరుస్తుంది కాబట్టి. అలాగని కూలర్ ముందు బీడీ వెలిగించేవాడికి జరిగే మేలేమీ లేదు; ఒక జబ్బు తప్పించుకుని నాలుగింటికి తలుపు తీసినట్టు.

క్షయ టీకా దగ్గర చెప్పుకున్న చిన్ననాటి తర్ఫీదు సంగతికి అమెరికాలో ఒక చక్కటి లెక్క ఉంది. ఆమిష్, హట్టరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలు, మూలాలు దగ్గరివే. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21.3 శాతం. మొదటివాళ్లు ఇంటిపక్కనే పాడి పెట్టుకుని గుర్రాలతో సేద్యం చేస్తారు, రెండోవాళ్లవి ఊరికి దూరంగా యంత్రాలతో నడిచే పెద్ద కమతాలు. 2016 నాటి ఆ పరిశోధనలో ఆమిష్ ఇళ్ల దుమ్ములో బాక్టీరియా తాలూకు ఎండోటాక్సిన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. పశువుల చావిడి పక్కన పెరిగిన పిల్లవాడికి మేలనే మాటలో నిజం ఉంది. చావిడిలో సాయంత్రం పెట్టే పొగకి మాత్రం ఈ సర్టిఫికెట్ వర్తించదు.

73, 732

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో కల్పనా బాలకృష్ణన్ బృందం దాదాపు 420 ఇళ్లలో గాలి కొలిచి 2004లో ప్రచురించింది. గ్యాసు వాడే ఇళ్లలో లోతుకి పోయే సన్నధూళి రోజు సగటు ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో ఎక్కువలో ఎక్కువ సగటు 732. ఈ పొగకి సెలవు రోజు ఉండదు.

పొగ మొదట నూగుని కుంటుపరుస్తుంది. ఊడ్చే పని మందగిస్తే జిగురు నిలుస్తుంది, నిలిచిన చోట హీమోఫిలస్ లాంటివి కాపరం పెడతాయి, వాటి మీదకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి వదిలే ఎంజైములు తిత్తుల గోడల్ని తింటాయి. ఏటా రెండు మూడు సార్లు నెమ్ము చేయడం, ప్రతిసారీ కొంత ఊపిరి తరిగిపోవడం. దీని పేరే సీవోపీడీ. దేశంలో ఈ జబ్బుతో ఉన్నవాళ్లు 1990లో 2.81 కోట్లు, 2016లో 5.53 కోట్లు. దాని భారంలో వాయు కాలుష్యం వాటా 53.7 శాతం, పొగాకు వాటా 25.4 శాతం, చేసే పని తెచ్చిపెట్టేది 16.5 శాతం. జన్మలో బీడీ ముట్టని అవ్వకి బీడీ తాగేవాడి జబ్బు ఎలా వచ్చిందో ఆ మొదటి అంకె చెబుతుంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక చాలా ఇళ్లకి సిలిండర్ చేరింది; స్నానాల నీళ్లకి మాత్రం కట్టెలపొయ్యి పెరట్లో ఇంకా వెలుగుతోంది. గ్యాసు ఇచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనలేం. తమిళనాడుతో కలిపి నాలుగు దేశాల్లో 3,200 మంది గర్భిణులతో చేసిన పరీక్షలో, గ్యాసు వాడకంతో పొగ బాగా తగ్గినా, పసిపిల్లల్లో తీవ్ర న్యుమోనియా చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని 2024లో తేలింది.

రాతిపొడి సంగతి ఇంకా మొండిది. సిలికా రేణువుని భక్షక కణం మింగుతుంది, అరిగించుకోలేక పగిలి చస్తుంది, రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. క్వారీ మానేసి పదేళ్లయినా ఈ వరస ఆగదు. చచ్చిన చోటల్లా మచ్చ గట్టిపడుతుంది. పైగా క్షయని కట్టడి చేయాల్సింది కూడా ఆ కణాలే కాబట్టి సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ తేలిగ్గా వస్తుంది. డ్రిల్లింగ్ దగ్గర నీళ్లు చల్లడం ఒక్కటే అసలైన మందు. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ సైజు పొడిని ఆపదు.

సీబీపీ కాగితంలో

రక్షణ అతి చేస్తున్నప్పుడు దాన్ని తగ్గించడానికి వైద్యుల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం స్టెరాయిడ్. అది రెండు వైపులా కోస్తుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలు డెక్సామెథసోన్‌తో 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. రోజుకి ఆరు మిల్లీగ్రాములు, పదిరోజులు మించకుండా. మరుసటి ఏడాది ఇక్కడ అదే మందుని ఇష్టమొచ్చినట్టు, చక్కెర జబ్బు చూసుకోకుండా వాడిన చోటల్లా బ్లాక్ ఫంగస్ లేచింది. 2021 జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు.

ఇన్‌హేలర్లలోనూ ఇదే తూకం. 2007లో ఫలితాలు వచ్చిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 6,112 మంది సీవోపీడీ రోగుల్ని మూడేళ్లు చూశారు. స్టెరాయిడ్, శ్వాసనాళాల్ని విప్పే మందు కలిపిన ఇన్‌హేలర్ వాడినవాళ్లలో ఆయాసం ముదరడం తగ్గింది, కానీ న్యుమోనియా 19.6 శాతం మందికి వచ్చింది. మందులేని ఇన్‌హేలర్ వాడినవాళ్లలో 12.3 శాతం మందికే. రక్షణని తగ్గిస్తే క్రిమికి సందు దొరికింది. మరి ఎవరికి ఇవ్వాలి? ఇప్పుడు వైద్యులు చూసేది ఎసినోఫిల్స్ సంఖ్యనే. తరచూ ఆయాసం ముదిరే సీవోపీడీ రోగికి అది 300 గానీ ఆ పైన గానీ ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బాగా పనిచేస్తుంది. 100 లోపుంటే మేలు కన్నా కీడెక్కువ.

ఆ సంఖ్య తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు, ఏ ల్యాబులోనైనా చేసే సీబీపీ రక్తపరీక్ష చాలు. కాకపోతే చాలా రిపోర్టుల్లో ఎసినోఫిల్స్ శాతంగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడటమో తేలిగ్గా తీసుకోవడమో జరుగుతుంది. మొత్తం తెల్లకణాలు 5,000 ఉండి ఎసినోఫిల్స్ 8 శాతమైతే అసలు సంఖ్య 400. మొత్తం 12,000 ఉండి 4 శాతమైతే 480. శాతం సగమైనా సంఖ్య ఎక్కువే. రెండు గడులూ గుణించి వందతో భాగించాలి. 3,000 దాటితే, అందులోనూ రాత్రిదగ్గు ఉంటే, బోదకాలు ఉన్న ఊళ్లవాళ్లు ఆ మాట డాక్టరు చెవిన వేయాలి. ఎసినోఫిల్స్ ఎంతున్నా సరే, దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష విడిగా చేయించుకోవాల్సిందే. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం.